రోగికి చోటు, ఇంటికి అన్నము

తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లి యొక ప్రశ్నతో ఆరంభమగును. వరుణుని కుమారుడగు భృగువు తండ్రి కడకేగి, బ్రహ్మమును బోధింపుమని యడుగును. తండ్రి సమాధానము నీయడు. దానిని వెదకు మార్గమును మాత్రము చూపి, తపస్సు చేయుమనును. కుమారుడు తపస్సు చేసి, అన్నమే బ్రహ్మమని గ్రహించి తిరిగి వచ్చును. ఆ మాట అసత్యము కాదు. కాని పూర్ణమును కాదు. తండ్రి అతనిని మరల తపస్సునకే పంపును. ప్రాణము, మనస్సు, విజ్ఞానము అను మెట్లనెక్కి భృగువు తుదకు ఆనందమును చేరును. పెక్కు ప్రవచనములు ఇచ్చటనే ముగియుచుండును. ఉపనిషత్తు మాత్రము ఇచ్చట ముగియలేదు. ఆనందమును చెప్పిన పిమ్మట అది మరల వంటయింటి వాకిటికి దిగివచ్చినది. అన్నమును నిందింపరాదు, అన్నమును త్రోసివేయరాదు, అన్నమును సమృద్ధిగా చేయవలయును, ఆశ్రయము కోరి యింటికి వచ్చినవానిని ఎవ్వనినైనను కాదనరాదు. ఇవి వ్రతములని అది శాసించినది.

సంపదయు ఆరోగ్యమును గల దినములలో ఈ వ్రతములను పాలించుట అంత కష్టము కాదు. అతిథి నవ్వుచు వచ్చి నవ్వుచు పోవును. కాని ఆశ్రయము కోరువాడు ఇంటివాడే యైనపుడు, నెలల తరబడి దగ్గుచు, నానాటికి కృశించుచు అతడొక మూల మంచముపై పడియున్నపుడు, ఆ దగ్గులో నెత్తురు కనిపించినపుడు, ఇంటివారి చూపులు మారును. మొదట అతని కంచము వేరగును. పిమ్మట చెంబు వేరగును. పసిబిడ్డను అతని యొడినుండి తీసికొందురు. ఆ పిదప పెరటిలో పాక. ఆడుదైనచో పుట్టినింటికి ప్రయాణము. ఇందులో క్రౌర్యము కన్న భయమే హెచ్చు. బిడ్డలను కాపాడుకొనవలెనను తల్లి భయము అధర్మమని యెవరనగలరు? అయినను, కంచము వేరైన దినమున ఆ మూలనున్న మనుష్యుడు పోగొట్టుకొనినది ఏదో అతనికే తెలియును.

క్షయకు పూర్వులు రాజయక్ష్మమని పేరిడిరి. దక్షుని కుమార్తెలను పెండ్లాడిన చంద్రుడు రోహిణియందే అనురక్తుడై తక్కిన భార్యలను విడనాడగా, దక్షుని కోపము యక్ష్మరూపమున అతని నావేశించెనను గాథ ప్రసిద్ధము. చరకసంహిత చికిత్సాస్థానములోను ఈ కథ కలదు. లోకము దీనినుండి శాపమును మాత్రమే గ్రహించినది. రోగి ఏదో పాపము చేసియుండుననియు, దాని ఫలమునే అనుభవించుచున్నాడనియు పొరుగువారు తీర్పు చెప్పుట కలదు. చరకుని గ్రంథము శాపముకడ ఆగలేదు. చంద్రుడు శరణు వేడగా దక్షుడు ప్రసన్నుడయ్యెననియు, అశ్వినీదేవతలు అతనికి చికిత్స చేసిరనియు చెప్పి, వెంటనే మందులను, పథ్యమును వివరింప పూనుకొన్నది. శపించినవాడే కరుణించిన పిమ్మట తీర్పు చెప్పు నధికారము పొరుగువారికి ఎక్కడినుండి వచ్చినదో!

1882 మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరమున రాబర్ట్ కాక్ క్షయకు కారణమగు సూక్ష్మక్రిమిని కనుగొన్నట్లు ప్రకటించెను. కారణము తెలిసినది, మందు మాత్రము దొరకలేదు. అటుపిమ్మట అరువదియేండ్లకు పైగా వైద్యులు చేయగలిగినదెల్ల రోగిని పరిశుభ్రమైన గాలిలో నుంచి, విశ్రాంతి నిచ్చి, పాలు గ్రుడ్లతో పుష్టిగా భోజనము పెట్టుటయే. దానికొరకే శానిటోరియములు వెలసినవి. మదనపల్లె సమీపమున క్రైస్తవ సంఘములు 1915లో నెలకొల్పినదానికి ఆరోగ్యవరమని పేరు వచ్చినది. దక్షిణదేశమున అట్టివానిలో అది ప్రసిద్ధి కెక్కినది. అచ్చట సేవచేసినవారిని తక్కువ చేయుట తగదు. కాని దేశములో రోగులు లక్షలు, పడకలు వేలు. 1955–58 నడుమ దేశమున జరిగిన సర్వే, క్షయ పట్టణములలో ఎంత కలదో పల్లెలలోను ఇంచుమించు అంతయే కలదని తేల్చెను. పడక దొరికిన అదృష్టవంతుని ఇంటిలో ఏమి జరుగుచుండెనో ఏ పట్టికలోను ఎక్కలేదు. సంపాదించువాడు ఏడాదిపాటు శానిటోరియమునకు పోయినచో ఇంట పొయ్యి ఆరును. తల్లి పోయినచో చంటిబిడ్డ పరుల చేతిలో పడును. పోయినవాడు అచ్చట పాలు త్రాగుచు, ఇంట బిడ్డలకు గంజియైనను కలదో లేదో యని క్రుంగుచుండును. శరీరమునకు విశ్రాంతి కలిగినను మనస్సునకు లేదు.

ఇంతలో మందులు వచ్చినవి. 1943లో స్ట్రెప్టోమైసిన్, కొలది కాలమునకు పి.ఎ.ఎస్., 1952లో ఐసోనియజిడ్. చివరిది చవకయైనది, మింగుటకు సులభమైనది. అప్పుడొక ప్రశ్న పుట్టినది. క్రిమిని చంపునది మందేయైనచో, శానిటోరియము అవసరమా? రోగి ఇంటనే యుండి మందు పుచ్చుకొన్నచో నయమగునా? నయమైనను, ఇరుకు గదిలో అతనితో పండుకొను బిడ్డలకు అది మృత్యువు కాదా? ఈ ప్రశ్నకు ఐరోపాలోని సమాధానము పనికిరాదు. అచ్చటి ఇల్లు వేరు, అచ్చటి అన్నము వేరు.

1956లో మద్రాసు నగరమున ఇందుకొరకే ఒక క్షయచికిత్సా కేంద్రము ఏర్పడెను. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి దీనిని నెలకొల్పినవి. నేడది జాతీయ క్షయ పరిశోధన సంస్థ. నగరములోని పేద రోగులు, రెండువందలకు కొంచెము తక్కువమంది, ఈ పరీక్షలో చేరిరి. వారిలో ఎవరు శానిటోరియమునకు పోవలెనో, ఎవరు ఇంట నుండవలెనో వైద్యుడు నిర్ణయింపలేదు, రోగియు కోరుకొనలేదు. చీటి వేసినట్లుగా నిర్ణయమైనది. ఇది విన్నవారికి మొదట మనస్సు చివుక్కుమనును. ప్రాణముతో చీట్లాటయా? కాని ఏది మేలో నిజముగా తెలియనపుడు, తెలిసినట్లు నటించుట కన్న తెలియదని యొప్పుకొనుట సత్యమునకు దగ్గర. వైద్యుడు తనకు నచ్చినవారిని ఒకవైపునకు పంపియుండినచో, వచ్చిన ఫలము మందుదో అతని పక్షపాతముదో ఎవరును చెప్పలేకపోయెడివారు. భృగువును తండ్రి తపస్సునకు పంపినదియు తెలిసినట్లు నటింపకుండుటకే గదా.

రెండు వర్గములవారికిని ఒకే మందులు, ఐసోనియజిడ్, పి.ఎ.ఎస్., ఒక సంవత్సరముపాటు ఈయబడినవి. శానిటోరియములోనివారికి విశ్రాంతియు, మంచి భోజనమును, గాలి వెలుతురును కలిగినవి. ఇంటనున్నవారి ఇండ్లు ఇరుకు, భోజనము కొరత, పెక్కుమంది లేచి తిరుగుచు పనులు చేసికొనుచునే యుండిరి. పి.ఎ.ఎస్. పెద్ద మోతాదులలో మింగవలసినది, కడుపును కలచునది. కేంద్రమువారు చెప్పక చేయక ఇంటికి వచ్చి మిగిలిన మందును లెక్కపెట్టుచు, మూత్రమును పరీక్షించి మందు మింగినది లేనిది కనుగొనుచుండిరి. నమ్మకము లేకగాదు. మనుష్యుడు కొంచెము కుదుటపడగానే మందు మానుట సహజము. ఆ సహజమే ఈ రోగమునందు ప్రాణాంతకము.

1959లో ఫలితములు ప్రకటితమైనవి. ఇంటనున్నవారికిని శానిటోరియమునకు పోయినవారికిని రోగము ఇంచుమించు సమముగనే నయమయ్యెను. అయిదేండ్లు గడచిన పిమ్మట చూచినను భేదము కానరాలేదు. అంతకన్న ముఖ్యమైనది బిడ్డల మాట. రోగితో కలిసి యింటనున్న కుటుంబములను, రోగిని శానిటోరియమునకు పంపిన కుటుంబములను పోల్చి చూడగా, మొదటివారిలో రోగము హెచ్చుగా రాలేదు. సోకవలసినది చాలవరకు రోగము గుర్తింపబడి మందు మొదలు పెట్టుటకు పూర్వమే సోకియుండెను. తండ్రిని ఇంటినుండి పంపివేయుటవలన బిడ్డలకు కలుగుననుకొన్న రక్షణ నిజమునకు కలుగలేదు. వారిని రక్షించినది తండ్రి మింగిన మందు.

ఈ వార్తయొక్క విలువను కొలుచుట యెట్లు? వెలివేయుటకు అంతవరకు శాస్త్రమే సాక్ష్యము పలికినది. 1959లో ఆ సాక్ష్యము వెనుకకు మరలినది. 1962లో ఆరంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమము ఇంటనుండి చికిత్స అను సూత్రముమీదనే నిర్మింపబడినది. ఇతర దేశములును అదే మార్గమును త్రొక్కినవి. ప్రపంచమునకు ఈ పాఠమును నేర్పినవారు మద్రాసు పేటలలోని నిరుపేదలు. వారి పేర్లు ఏ ఫలకముపైనను లేవు.

అంతమాత్రాన సర్వము చక్కబడెనని తలచుట పొరపాటు. 1963లో ప్రకటితమైన మరియొక పరిశీలన చదువువారిని తలవంచుకొనజేయును. మైసూరు రాష్ట్రమున తుమకూరు జిల్లా గ్రామములలో, కఫమునందు క్రిములున్న రోగులను వెదకి పట్టుకొని విచారింపగా, వారిలో సగమునకు పైగా అప్పటికే తమంత తాముగా వైద్యశాలలకు పోయివచ్చినవారని తేలినది. అచ్చట వారికి దొరికినది ఒక సీసాడు దగ్గుమందు. పల్లెవారు అజ్ఞానులు, వైద్యమునకు రారు అను మాట అంతకుముందు పెద్దల నోట తరచుగా వినవచ్చుచుండెను. వారు వచ్చిరి. వచ్చినవారిని గుర్తింపనిది వైద్యశాల. ఆశ్రయము కోరి వచ్చినవానిని కాదనరాదను వ్రతము గృహస్థునకే కాక ఆసుపత్రి బల్లవెనుక కూర్చున్నవానికిని వర్తించును.

ఇక అన్నము మాట. మద్రాసు పరీక్షలో తక్కువ భోజనము తినినవారికిని మందు పనిచేసినది. సత్యమే. కాని ఆ సత్యమును లోకము విన్న రీతి వేరు. సరియైన మందు క్రమముగా మింగించినచో క్రిమిని చంపుటకు పుష్టికరమైన భోజనము అనివార్యము కాదని పరీక్ష చెప్పినది. క్షయకు భోజనముతో పనిలేదని విన్నవారు విన్నారు. ఈ రెండు వాక్యముల నడుమ పేదవాని బ్రతుకంతయు ఇమిడియున్నది. ఆకలితోనున్న శరీరమున అణగియున్న క్రిమి ఎందుకు లేచును, ఒకే పాత్రలోనిది తినువారిలో ఒకరి తరువాత ఒకరు ఎందుకు పడిపోవుదురు అను ప్రశ్నలను ఆ పరీక్ష అడుగనేలేదు. అడుగని ప్రశ్నకు అది సమాధానమిచ్చెనని భావించి, దశాబ్దముల తరబడి మందుబిళ్లలు పంచి, పొయ్యి సంగతి మరచిరి. భృగువు మొదటి సమాధానముతోనే తృప్తిపడి తండ్రికడకు మరల రాకయుండినచో ఎట్లుండెడిది? ఇచ్చట జరిగినది అటువంటిదే.

ఆ సంస్థయే మరల ప్రశ్నకడకు వచ్చుట విశేషము. 2019లో ఝార్ఖండ్ రాష్ట్రమున నాలుగు జిల్లాలలో, గిరిజనులు పెక్కుమంది నివసించు చోట్ల, క్రొత్త పరీక్ష మొదలైనది. 2,800మంది రోగులు, వారి ఇండ్లలోని 10,345మంది కుటుంబసభ్యులు. రోగులలో నూటికి ఎనుబదిమందికి పైగా తగిన బరువు లేనివారు. మందుతోపాటు రోగులందరికిని నెలనెల ఆహారపు మూట ఈయబడెను. దినమునకు 1,200 కెలోరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు వచ్చునట్టిది. సగము ప్రాంతములలో ఇంటిలోని తక్కినవారికిని వేరుగా బియ్యము, పప్పు మున్నగునవి, ఒక్కొక్కరికి దినమునకు 750 కెలోరీలు వచ్చునట్లు, ఈయబడినవి. తక్కిన సగములో రోగికి మాత్రమే. 2023లో ఫలితము వెలువడినది. ఇంటిల్లిపాదికిని ఆహారమందిన ఇండ్లలో క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 వంతులు తగ్గెను. ఇతరులకు సోకెడి ఊపిరితిత్తుల క్షయ నూటికి 48 వంతులు తగ్గెను. రోగులలో, మొదటి రెండు నెలలలో బరువు నూటికి అయిదు వంతులు పెరిగినవారికి మరణభయము సుమారు అరువది వంతులు తగ్గినది. అంత పని చేసినది బియ్యము, పప్పు.

ఇచ్చట ధర్మజిజ్ఞాసువు ఒక ముల్లును దాటవేయరాదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకు పరీక్ష యెందుకు? రోగి మూటనుండి పాలపొడి తీసి బిడ్డకు కలిపి యిచ్చు తల్లికి ఈ ఫలితము ముందే తెలియదా? రెండవ సగములోని ఇండ్లకు ఆ బియ్యము ఏల ఈయలేదు? ఈ ప్రశ్న న్యాయమైనది. దీనిని శాస్త్రపు మాటలతో కప్పిపుచ్చుట తగదు. కరుణకు ప్రమాణము అక్కరలేదు. ఆకలిని చూచుటయే దానికి చాలును. కాని ప్రభుత్వపు ఖజానా కరుణతో తెరచుకొనదు, అంకెలతో తెరచుకొనును. రోగికి నెలకు 500 రూపాయలిచ్చు పోషణ పథకము 2018లో వచ్చినది. 2024లో అది 1,000 రూపాయలైనది. దాతలిచ్చు ఆహారపు మూటలను కుటుంబసభ్యులకును విస్తరింపజేయుటకు నిర్ణయము ఆ యేటనే జరిగినది. ఝార్ఖండ్ అంకెలు లేకున్నచో ఇది ఇంత త్వరగా జరిగియుండునా యన్నది సందేహమే. అంకెలు వచ్చువరకు ఆగిన మనుష్యుల దోషము అంకెలకు అంటదు, అది మనుష్యులదే.

ఆ పరీక్షలో మరియొక లెక్క కలదు. సుమారు ముప్పది ఇండ్లకు ఆహారము పంచినచో ఒక మనుష్యునికి క్షయ రాకుండ ఆగును. ముప్పది పొయ్యిలమీద పప్పు ఉడికినది. ఒక యింట ఒక బిడ్డ రోగమునుండి తప్పించుకొనినది. ఏ యింట? అది ముప్పదిమంది తల్లులలో ఏ తల్లికిని తెలియదు. ఆ మూటను మోసుకొనివచ్చిన కార్యకర్తకు తెలియదు. లెక్క కట్టిన పండితునికి తెలియదు. రాని రోగమునకు ముఖము లేదు. దానికి కృతజ్ఞత చెప్పు నోరును లేదు. ఫలమును చూడక కర్మ చేయుమని గీత చెప్పినపుడు అది సన్న్యాసులకు తగిన మాటయని పలువురు తప్పుకొందురు. ఝార్ఖండ్ గ్రామమున ఎండలో బియ్యపుమూట మోసిన కార్యకర్త ఆ మాట వినియుండినను, వినకుండినను, అతడు చేసినది అదియే.

పరిశోధనలో చేరు రోగియు, అతని కుటుంబమును చేయు త్యాగము తక్కువది కాదు. వారు తమ రోగమును, తమ ఇంటిని, తాము తినునదానిని, తినలేనిదానిని అపరిచితుల యెదుట విప్పి చూపవలెను. మూత్రమునిమ్మనిన ఈయవలెను, పసిబిడ్డ చేతికి సూదిమందు వేసి, రెండు మూడు దినములకు ఆ చోటు పొంగినదో లేదో కొలచిననూ ఊరకుండవలెను. అందువలననే వారిని సాధనములుగా చూచుట మహాపరాధము. చెప్పవలసినది వారి భాషలో చెప్పి, వారి సమ్మతిని నిజముగా పొంది, పరీక్ష ముగిసిన పిమ్మట దాని ఫలితమును వారికే మొదట వినిపింపవలెను. చివరిది ఎన్నిచోట్ల జరుగుచున్నదో విచారింపవలసిన విషయము.

నేటికిని ప్రపంచమునందలి క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు భారతదేశమున నున్నారు. రోగము పేరు వినగానే సంబంధము తప్పిపోవుట, కోడలిని పుట్టినింటికి పంపివేయుట, మందుబిళ్లలను పప్పుడబ్బాలో దాచుట ఇంకను ఉన్నవి. ఈ రోగము కంచమువలన రాదు, చెంబువలన రాదు, బట్టలవలన రాదు. దగ్గినపుడు గాలిలో చేరిన క్రిములవలన వచ్చును. నోటికి బట్ట అడ్డు పెట్టుకొనుట, కిటికీ తెరచియుంచుట, ఇంటిలోని పిల్లలను పరీక్ష చేయించి, వైద్యుడు చెప్పినచో వారికి ముందుజాగ్రత్త మందును ఇప్పించుట అవసరము. రోగమునకు సరిపడు మందు క్రమముగా మొదలైన కొన్ని వారములలోనే ఇతరులకు సోకించు శక్తి చాలవరకు తగ్గిపోవును. మొండికెత్తిన క్రిమియైనచో మందులు వేరు, కాలము వేరు. అది వైద్యుడు నిర్ణయించును. ఏ పక్షమునను కంచము వేరుచేయుమని శాస్త్రము చెప్పుట లేదు.

మద్రాసులో 1956 మొదలు ఆ పరీక్ష జరిగిన ఇరుకు ఇండ్లలో, చీటి పుణ్యమున ఇంటనే నిలిచిన తండ్రుల ప్రక్కన పండుకొన్న పసివారు నేడు డెబ్బదియేండ్లకు చేరువగానో, దాటియో ఉందురు. తండ్రి దగ్గును, వారమువారము అతడు కేంద్రమునుండి తెచ్చు మందుపొట్లములను, చెప్పకుండ వచ్చి మందు లెక్కించిపోవు మనిషిని వారిలో కొందరు జ్ఞాపకముంచుకొనియుండవచ్చును. తాము తండ్రితో ఒక పంక్తిని భుజించిన ఆ సంవత్సరము ఒక ప్రశ్నకు సమాధానమైనదని మాత్రము వారిలో పెక్కురకు తెలిసియుండదు.